మండువా లోగిలి - సౌరవిద్యుత్తు

కోస్తా ఆంధ్రలోని మండువా లోగిళ్లకు వెలుతురూ గాలీ నడుమనున్న మండువా నుంచే లభించేవి. మందపాటి మట్టిగోడలు పగటి ఎండను నిలువరించేవి. పెంకుల సందులగుండా వేడిగాలి వెలుపలికి పోయేది. విద్యుత్తు వచ్చాక ఈ ఏర్పాటు అనవసరమనిపించింది. పలుచోట్ల మండువాను కాంక్రీటుతో కప్పివేశారు. పగలు సైతం దీపాలు, పంకాలు తప్పనిసరి అయినాయి.

2018 నాటి ఎకో నివాస్ సంహిత కొత్త ఇళ్ల గోడలు, పైకప్పుల ద్వారా చేరే వేడికి హద్దులు నిర్దేశించింది. ఆ సూత్రం పాత ఇళ్లకూ ఉపకరించేదే. 2024లో ఆరంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కోటి ఇళ్లను లక్ష్యంగా గ్రహించి, 3 కిలోవాట్ల సౌరవ్యవస్థకు 78,000 రూపాయల సహాయం ప్రకటించింది.

అయితే పాత దూలాల బలాన్ని పరీక్షించిన పిదపనే కప్పుపై ఫలకాలు అమర్చాలి. అంతకన్న ముందు, మూసిన మండువాను తెరవాలి. అవసరం తగ్గిన ఇంటికి కొద్దిపాటి ఫలకాలే చాలును.