గ్రాన్మా ప్రావిన్సు

గ్రాన్మా క్యూబా దేశపు ఆగ్నేయ భాగంలోని ఒక ప్రావిన్సు. దీని రాజధాని బయామో. మన్సనీయో ఇక్కడి ముఖ్యమైన రేవు పట్టణం. స్పెయిన్ పాలనపై 1868లో మొదలైన స్వాతంత్ర్య యుద్ధానికి, 1956-58 నాటి గెరిల్లా పోరాటానికి ఈ ప్రాంతమే పుట్టినిల్లు. అందువలన ఇక్కడికి వచ్చే యాత్రికులు ప్రకృతితో పాటు చరిత్రను కూడా చూడగోరి వస్తారు.

పేరు

ఫిడెల్ కాస్ట్రో, అతని అనుచరులు 1956లో మెక్సికో నుండి వచ్చిన పడవ పేరు గ్రాన్మా. ఒక అమెరికన్ వద్ద కొన్న ఈ పాత పడవకు "నాయనమ్మ" లేక "అమ్మమ్మ" అనే అర్థం గల ఆంగ్ల పదం నుండి ఆ పేరు వచ్చిందంటారు. 1976లో పూర్వపు ఓరియెంతే ప్రావిన్సును విభజించినపుడు ఈ భాగానికి పడవ పేరే పెట్టారు.

భౌగోళికం

ఉత్తరాన కౌటో నది మైదానం, దక్షిణాన సియెర్రా మాయెస్త్రా పర్వతశ్రేణి ఉన్నాయి. కౌటో క్యూబాలోకెల్లా పొడవైన నది. మైదానంలో వరి, చెరకు, కొండలపై కాఫీ పండుతాయి. మే నుండి అక్టోబరు వరకు వర్షాకాలం. 2025 అక్టోబరులో మెలిస్సా తుపాను వలన కౌటో మైదానం వరదలపాలైంది.

చరిత్ర

1868 అక్టోబరు 10న కార్లోస్ మాన్యుయెల్ దె సెస్పెదెస్ అనే భూస్వామి మన్సనీయో దగ్గరలోని లా దెమహాగువాలో, తన చక్కెర మిల్లు వద్ద, తన బానిసలను విడుదల చేసి స్వాతంత్ర్య పోరాటాన్ని ప్రకటించాడు. కొద్దిరోజులలో బయామో తిరుగుబాటుదారుల వశమైంది. పెరూచో ఫిగెరెదో రచించిన నేటి జాతీయగీతం అప్పుడే ఆ ఊరిలో జనం నోట పలికింది. 1869 జనవరిలో స్పానిష్ సేన తిరిగి రాగా, ఊరిని అప్పగించడం ఇష్టంలేక పౌరులు తమ ఇళ్ళకు తామే నిప్పుపెట్టుకొని వెళ్ళిపోయారు. కవి, నాయకుడు హోసె మార్తీ 1895 మే 19న ఇక్కడి దోస్ రియోస్ వద్ద పోరులో మరణించాడు.

1956 డిసెంబరు 2న 82 మందితో గ్రాన్మా పడవ లాస్ కొలొరాదాస్ సమీపంలోని మడ అడవులలో చిక్కుకుంది. మూడు రోజులకే అలెగ్రీయా దె పీయో వద్ద బాటిస్టా సైన్యం వారిని చెల్లాచెదురు చేసింది. తిరిగి కలుసుకున్నవారు సుమారు ఇరవై మందే. దట్టమైన అడవి వారిని దాచింది. భూమిపై హక్కులేని కొండప్రాంతపు రైతులు తిండి పెట్టి, దారి చూపారు. ఈ రైతుల సహాయం లేకపోతే ఆ చిన్న దళం నిలిచేది కాదు. విజయానంతరం, 1959 మే 17న, తొలి భూసంస్కరణ చట్టంపై సంతకాలు ఈ కొండలలోని లా ప్లాతాలోనే జరిగాయి.

చూడదగిన ప్రదేశాలు

* బయామో: 1513లో స్థాపించిన పట్టణం. అగ్నిప్రమాదం నుండి మిగిలిన సెస్పెదెస్ జన్మగృహం ఇప్పుడు మ్యూజియం.
* లా దెమహాగువా: పాత మిల్లు శిథిలాలు, బానిసలను పిలిచిన గంట ఉన్నాయి.
* లా ప్లాతా కమాండు కేంద్రం: 1958లో కాస్ట్రో స్థావరం. విమానాలకు కనబడకుండా చెట్లనీడన కట్టిన కొయ్య గుడిసెలు, చిన్న ఆసుపత్రి, రేడియో కేంద్రం ఉన్నాయి. బాటిస్టా సైన్యం దీనిని కనుగొనలేకపోయింది.
* గ్రాన్మా దిగిన తీరపు జాతీయ ఉద్యానవనం: 1999లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఇక్కడి సున్నపురాతి తిన్నెలు సముద్రగర్భం నుండి మెట్లు మెట్లుగా 360 మీటర్ల ఎత్తువరకు లేస్తాయి. తీరంలో ఉన్నది పడవ నమూనా మాత్రమే. అసలు పడవ హవానాలో ఉంది.
* తుర్కీనో శిఖరం: 1,974 మీటర్ల ఎత్తుతో క్యూబాలోకెల్లా ఎత్తైనది. శిఖరం పొరుగున ఉన్న సాంతియాగో దె క్యూబా ప్రావిన్సులో ఉన్నా, ఒక ముఖ్యమైన దారి గ్రాన్మా నుండి మొదలవుతుంది.

ప్రయాణం

హవానా నుండి బయామో 700 కిలోమీటర్లకు పైగా దూరం. బయామో నుండి కొండ దిగువనున్న సాంతో దొమింగో గ్రామానికి రోడ్డు ఉంది. అక్కడినుండి ఆల్తో దెల్ నరాన్హో వరకు 5 కిలోమీటర్లు చాలా నిటారైన ఘాట్‌రోడ్డు. ఆపైన లా ప్లాతాకు సుమారు 3 కిలోమీటర్లు, తుర్కీనోకు సుమారు 13 కిలోమీటర్లు కాలినడకన పోవాలి. గైడు తప్పనిసరి. శిఖరానికి వెళ్ళేవారు సాధారణంగా దారిలో ఒక రాత్రి బస చేస్తారు. నవంబరు నుండి ఏప్రిల్ వరకు యాత్రకు అనుకూల కాలం.