మాటల మూట

బందరు రేవు పేరు సముద్రాలు దాటింది గుడ్డల మూటల వల్లే. 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తక స్థావరం పెట్టుకున్నది వాటి కోసమే. ఓడలకెక్కిన సరుకు సంగతి అలా ఉంచి, నెత్తిన మూటతో గుడివాడ వైపు పల్లెల్లో గడపగడపా తిరిగే చీరల వర్తకుణ్ణి తలుచుకోండి. బేరం కుదిరేలోగా పక్కూరి కబుర్లు కూడా ఆ మూటలోంచే దిగేవి!

యూదు మతపండితులు కొండెగాణ్ణి సరిగ్గా ఇతనితోనే పోల్చారు. కొండేలు మోస్తూ తిరగవద్దని లేవీయకాండం 19వ అధ్యాయం 16వ వచనం ఆజ్ఞ. అక్కడి హీబ్రూ మాట ‘రఖీల్’. తిరుగుడు వర్తకుడు ‘రోఖేల్’. ఒకడు గుడ్డలు మోస్తాడు, ఇంకొకడు మాటలు మోస్తాడు, అంతే తేడా.

ఈ మతం మనకు మరీ దూరంది కాదు. కృష్ణ దాటి వెళ్తే చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో తెలుగు యూదుల ప్రార్థనామందిరం 1991 నుంచి ఉంది.

‘ఉన్నమాటేగా అన్నాను’ అని మనం తప్పుకుంటాం. వాళ్ల లెక్క వేరు. ఎదుటివాడికి చెరుపు చేసే మాట నిజమైనా ‘లషోన్ హరా’, అంటే చెడ్డ నాలుకే. అబద్ధమైతే పాపం ఇంకా పెద్దది. చెప్పినవాణ్ణి, విన్నవాణ్ణి, ఎవరి గురించి చెప్పారో వాణ్ణి, ముగ్గుర్నీ అది చంపుతుందంటుంది తాల్ముద్. తమ్ముడు మోషేను ఆడిపోసుకున్నందుకు మిర్యాము అంతటి ఆవిడ ఏడు రోజులు పాళెం బయట ఉండవలసి వచ్చిందట!

ఈ నియమాలన్నిటినీ ఏర్చికూర్చినవాడు ఇస్రాయేల్ మెయిర్ కగాన్. నేటి బెలారస్‌లోని రదున్ అనే చిన్న ఊళ్లో కిరాణా కొట్టు పెట్టుకు బతికిన పండితుడు. కొట్టు దగ్గర చేరే ఊసులు ఆయనకు తెలియనివా? 1873లో అచ్చయిన ఆయన పుస్తకం పేరు ‘హఫెత్స్ హయీం’, అంటే బతుకు కోరేవాడు. 1933లో కన్నుమూసిన ఆయనకూ ఆ పేరే నిలిచిపోయింది.

మరి నోరు కుట్టేసుకోవాలా? అక్కర్లేదు. పొరుగువాడి ప్రాణం మీదికొస్తే చూస్తూ నిలబడవద్దని ఆ వచనంలోనే రెండో సగం. మోసగాడితో పొత్తు కలుపుతున్నవాడికి ఓ మాట చెప్పి తీరాలి. కాకపోతే తాను రూఢిగా ఎరిగినంతే, మసాలా కలపకుండా.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. వేలమంది పోయారు. అలాంటి రోజున ముందుగా ఇంటికి చేరిన ఒక్క కబురు ప్రాణం. తలుపు తట్టి మరీ చెప్పాల్సిన మాట అది. పొరుగింటి కోడలి సంగతి అలాంటిది కాదు కదా! మూట విప్పేముందు ఆ రెంటికీ తేడా చూసుకుంటే చాలు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మనవాళ్లూ ఊరికే అనలేదు.