పిడికెడు మట్టి
(గ్రీకు విషాద నాటకంలో స్త్రీ, న్యాయం, వీరత్వం)

ప్రజాస్వామ్యానికి పుట్టిల్లని మనం చరిత్ర పాఠంలో చదువుకున్న ఏథెన్సులో స్త్రీలకు ఓటు లేదు. న్యాయస్థానంలో తమ తరఫున తాము వాదించుకునే హక్కూ లేదు. తండ్రో, భర్తో, మరో మగదిక్కో మాట్లాడాల్సిందే. కానీ అదే నగరంలో ఏటా డయోనిసస్ దేవుడి ఉత్సవాల్లో, అక్రోపోలిస్ కొండవాలున వేలమంది ఎదుట ఆడిన నాటకాల్లో న్యాయం గురించి నిలదీసిన స్త్రీ పాత్రలు ఎన్నో ఉన్నాయి. కూతుర్ని బలి ఇచ్చిన భర్తను చంపిన క్లైటెమ్నెస్ట్రా, తనను వదిలేసిన భర్తపై పగబట్టిన మెడియా అలాంటివారే. ఆ వేషాలు కట్టింది మాత్రం మగవాళ్లే!

వీరందరిలోకీ ఆయుధం పట్టని వీరురాలు ఆంటిగొనీ. సోఫొక్లీస్ ఆమె పేరుతో క్రీ.పూ. 441 ప్రాంతంలో నాటకం రాశాడు. తీబ్స్ సింహాసనం కోసం ఆమె అన్నదమ్ములిద్దరూ పోరాడి ఒకరి చేతిలో ఒకరు చనిపోయారు. కొత్త రాజు క్రేయోన్ వారికి స్వయానా మేనమామ. నగరం తరఫున పోరాడినవాడికి రాజలాంఛనాలతో అంత్యక్రియలు చేయించి, నగరం మీదికి దండెత్తి వచ్చిన పాలినైసిస్ శవాన్ని కుక్కలకూ గద్దలకూ వదిలేయమన్నాడు. పూడ్చినవారికి మరణశిక్ష అన్నాడు.

ద్రోహులను తమ గడ్డమీద పూడ్చనివ్వకూడదన్న చట్టం ఏథెన్సులోనూ ఉండేది. శవానికి స్నానం చేయించడం, ఏడ్వడం ఆడవాళ్ల బాధ్యత. కాబట్టి ప్రేక్షకులకు ఇది వింత కథ కాదు. తన వంతు ఇంటి పనిని రాజు వద్దన్నా చేయడమే ఆంటిగొనీ వీరత్వం. “ఆడవాళ్లం, మగవాళ్లతో పోరాడలేం” అని చెల్లెలు ఇస్మీనీ వెనకాడింది. ఆంటిగొనీ ఒంటరిగా వెళ్లి అన్న శవంపై పొడిమట్టి చల్లింది. పట్టుబడ్డాక బొంకలేదు. దేవతల అలిఖిత ధర్మాన్ని రాజశాసనం రద్దు చేయలేదంది.

ఆమెకు పెళ్లి నిశ్చయమైంది క్రేయోన్ కొడుకు హేమోన్‌తోనే. మనకు తెలిసిన మేనరికమే. ఊరంతా ఆమె కోసం లోలోపల ఏడుస్తోందని హేమోన్ చెప్పినా, ఆడదాని మాటకు లొంగేది లేదని తండ్రి ఆమెను రాతిగుహలో సజీవంగా మూయించాడు.

ఇంజినీరుగా నన్ను ఆపేసే ఘట్టం ఆ తర్వాతది. అంధుడైన ప్రవక్త టైరీషియస్ హెచ్చరికతో రాజు మనసు మారింది. ముందు ఆ పిల్లను విడిపించు, తర్వాత సమాధి కట్టు అన్నారు పెద్దలు. ఆయన ముందు శవసంస్కారం పూర్తిచేసి, తర్వాత గుహకు వెళ్లాడు. అప్పటికే ఆమె ఉరివేసుకుంది. హేమోన్ కత్తితో పొడుచుకున్నాడు. ఆ వార్త విని రాణి యూరిడైసీ ప్రాణం తీసుకుంది. చేయాల్సిన పనులు రెండూ చేశాడు, వరస తప్పింది. బతికున్నవారికి ఇవ్వాల్సిన న్యాయం తర్వాతి పని అయింది.

రాబెన్ ద్వీపం జైల్లో ఖైదీలు ఈ నాటకం ఆడినప్పుడు క్రేయోన్ పాత్ర వేసింది నెల్సన్ మండేలా. అధికారం ఎలా బిగుసుకుపోతుందో ఆయనకు వేరే చెప్పాలా?

మన బడిలో చదివినవాళ్లలో చాలామందిమి ఇప్పుడు సంతకాలు పెట్టే కుర్చీల్లో ఉన్నాం. మన బల్లమీది ఏ కాగితం వెనక ఏ ఆంటిగొనీ ఎదురుచూస్తోందో, ముందుగా ఆ కాగితమే తీసి చూద్దాం.