వ్యోమగృహమున ప్రథమ నివాసము

భూమిచుట్టును దిరుగునట్టి గృహమునందు మానవులు మొట్టమొదట నివసించినది 1971వ సంవత్సరమున. ఆ గృహమునకు సాల్యూట్-1 అని పేరు. సోవియట్ దేశమువారు దానిని ఏప్రిల్ 19వ తేదీని నింగికిఁ బంపిరి. ఆ నెలలోనే సోయుజ్-10 అను నౌకలో మువ్వురు పోయి దానిని జేరిరి కాని, రెంటిని గట్టిగా బంధించు సాధనము సరిగాఁ బనిచేయమిచే లోపల నడుగిడకయే మరలివచ్చిరి.

తరువాతి యాత్రకు లియోనోవ్, కుబాసోవ్, కొలోదిన్ అనువారు సిద్ధపడియుండిరి. ప్రయాణమునకుఁ గొలఁది దినములకు ముందు వైద్యులు కుబాసోవుని ఊపిరితిత్తిలో నొక మచ్చను గనుఁగొని క్షయయేమో యని శంకించిరి. అందుచే మువ్వురును నిలుపఁబడిరి. వారికి బదులుగా దొబ్రొవోల్‌స్కీ, వోల్కోవ్, పాత్సాయెవ్ అనువారు జూన్ 6వ తేదీని సోయుజ్-11లో బయలుదేఱి, మఱునాఁ డా గృహమునఁ బ్రవేశించిరి. అచ్చట వారు మొక్కలను బెంచిరి. దూరదర్శినితో నక్షత్రములఁ బరిశీలించిరి. పాత్సాయెవ్ తన 38వ జన్మదినమును అచ్చటనే జరుపుకొనెను. ఇరువదిమూఁడు దినముల యాత్ర యది. అంతకు ముందెవ్వరును అంతకాలము అంతరిక్షమున నుండియుండలేదు.

జూన్ 30వ తేదీని మరలివచ్చుచుండఁగా, నౌకాభాగములు విడివడునపుడు కలిగిన యదరుపాటునకు గాలి కవాట మొకటి తెఱచుకొనెను. భూమి దాపునకు వచ్చినపిదపఁ దెఱచుకొనవలసిన యా కవాటము సుమారు 168 కిలోమీటర్ల యెత్తుననే తెఱచుకొనుటచే లోని గాలియంతయు వెడలిపోయెను. నౌక మాత్రము యథావిధిగా కజకస్థానమున దిగెను. తలుపు తెఱచినవారికి మువ్వురును ఆసనములయందు నిర్జీవులై కానవచ్చిరి.

కుబాసోవునకు క్షయ లేదని పిమ్మటఁ దెలిసినది. ఇది విన్నవారు "నుదుటివ్రాత! ఒకరికి రావలసిన మృత్యువు వేఱొకరి పాలఁబడె" నని నిట్టూర్తురు. మనలో నింటింటను వినఁబడు మాటయే యిది. కాని యీ మాటతోఁ దృప్తిపడియుండినచో తరువాతి మువ్వురును అట్లే మరణింపకుండుటకుఁ గారణమేమి? మృతుల నుదుళ్లను గాక, కవాటమును బరీక్షింపవలసియుండెను. మఱియొక సత్యమును బయలుపడినది: ఇఱుకైన యా నౌకలో మువ్వురను గూర్చుండఁబెట్టుటకై ప్రాణరక్షకములగు పీడన కవచములను విడిచిపెట్టిరి. ఇది విధి చేసిన పని కాదు. మనుష్యులు చేసిన నిర్ణయము.

మనుష్యులు చేసినదానిని మనుష్యులే దిద్దుకొనిరి. మూఁడవ యాసనమును దీసివేసి, ఇరువురకుఁ గవచములు దొడిగి 1973 సెప్టెంబరులో సోయుజ్-12ను బంపిరి. నౌకను మఱల సంస్కరించినపిదప 1980లోఁ గాని మువ్వురు కవచములతోఁ గలసి పోవుట సాధ్యపడలేదు. 1984 ఏప్రిల్‌లో, హైదరాబాదున విద్య నభ్యసించిన రాకేశశర్మ ఇట్టి కవచమునే ధరించి, ఇరువురు సహచరులతో సాల్యూట్-7కు వెళ్లి క్షేమముగా మరలివచ్చెను.

మృతులకై దుఃఖించుట ధర్మమే. వారి మృతికిఁ గారణము నరయుట అంతకంటెను ముఖ్యమైన ధర్మము. మన యూళ్లలో నూయి కూలినను, పడవ మునిఁగినను మనము మొదట నడుగవలసిన ప్రశ్న యిదియే.