వేలిముద్ర నుంచి పాస్‌వర్డ్ దాకా: మన పేర్ల రిజిస్టరు కథ

తిరుచానూరు హాస్టల్ నుంచి రాస్తా ఉండాము.

జూనియర్ల కోసం ఒక సైటు చేస్తామని చెప్పి చాలా రోజులైంది. పాత ప్రశ్నపత్రాలు, స్కాలర్‌షిప్ తేదీలు, ఎవరి సర్టిఫికెట్లు ఎంతవరకు వచ్చాయో రాసుకునే చోటు, ఇవన్నీ ఒక దగ్గర పెడదామనుకున్నాం. "ఎప్పుడు తెరుస్తారన్నా?" అని అందరూ అడగతానే ఉన్నారు. ఆలస్యానికి కారణం ఒకటే, లాగిన్. అది సరిగ్గా ఎలా పెట్టాలని చదవబోతే, దాని వెనకాల ఇంత చరిత్ర ఉందా అనిపించింది. అందులో మన చరిత్ర కూడా ఉంది. పెద్ద పోస్టే, తీరిక చేసుకుని చదవండి.

ముందు మన వైపు కథ. 1871లో బ్రిటిష్ వాళ్ళు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. మొదట అది ఉత్తరాదిలోనే. 1911లో దాన్ని మార్చి మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా తెచ్చారు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ 1911లోనే. ఆ చట్టం కింద ఎరుకల కుటుంబాలను కూడా రిజిస్టర్లో ఎక్కించారు. దొంగతనం చేసినందుకు కాదు, ఆ కులంలో పుట్టినందుకు. పేరు రాసేవాళ్ళు, వేలిముద్ర తీసుకునేవాళ్ళు. చెప్పిన వేళకు పోయి హాజరు పలకాలి. ఊరు దాటాలంటే చెప్పి పోవాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా పుట్టినవే. గవర్నర్ కౌన్సిల్ సభ్యుడు హెరాల్డ్ స్టూవర్టు పేరు ఆ ఊరికి పెట్టారు.

వేలిముద్రలను వరస ప్రకారం పెట్టి వెతికే పద్ధతి కూడా మన దేశంలోనే తయారైంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం పెట్టారు. పేరు పోలీసు అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి వచ్చింది. లెక్క కట్టి పద్ధతి కుదిర్చిన పనిలో అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయుల చెయ్యి పెద్దది.

మాలో ఒకరి అవ్వ ఇప్పటికీ చెప్తుంది, వాళ్ళ తాత రాత్రిపూట స్టేషన్లో హాజరు పలికి వచ్చేవాడంట. ఆయనకు చదువు రాదు. ఆ రిజిస్టర్లో తన గురించి ఏం రాశారో ఆయనకు ఎప్పటికీ తెలియలేదు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతా రద్దయింది. రిజిస్టరు పోయింది గానీ ఆ అనుమానపు చూపు అంత తొందరగా పోలేదని మనకు తెలుసు.

ఇప్పుడు కంప్యూటరు వైపు కథ. 1961లో అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం సీటీఎస్‌ఎస్ అనే వ్యవస్థ చేసి చూపించింది. ఒకే పెద్ద కంప్యూటరును చాలామంది పంచుకుని వాడుకునే ఏర్పాటు అది. ఎవరి ఫైళ్ళు వాళ్ళకే కనపడాలి, ఎవరి టైము వాళ్ళకే లెక్క పడాలి. అందుకని ఒక్కొక్కరికి ఒక రహస్య మాట ఇచ్చారు. కంప్యూటరు పాస్‌వర్డ్ కథ అక్కడి నుంచే మొదలు.

మోసం కూడా అక్కడే మొదలైంది. అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి ఇచ్చిన టైము చాలలేదు. 1962లో అతను పాస్‌వర్డ్ ఫైలునే ప్రింటు తీయించుకుని వేరేవాళ్ళ టైము వాడుకున్నాడు. చాలా ఏళ్ళ తర్వాత తనే ఒప్పుకున్నాడు. 1966లో ఇంకో వింత. రెండు ఫైళ్ళు తారుమారై, లాగిన్ అయిన ప్రతివాడికీ ఆ రోజు సందేశం బదులు అందరి పాస్‌వర్డ్‌లూ తెర మీద కనిపించాయి.

రెండు సార్లూ తప్పు ఒకటే. పాస్‌వర్డ్‌లను ఉన్నవి ఉన్నట్టు రాసి పెట్టుకోవడం.

మేము చేసిందీ అదే తప్పు. మొదటి సైటులో అందరి పాస్‌వర్డ్‌లూ ఒక టేబుల్లో అట్లే రాసేశాం. ఒకరోజు ఏదో సరిచేద్దామని ఆ టేబుల్ తెరిస్తే అన్నీ కళ్ళ ముందే ఉన్నాయి. కొందరివి 123456. ఒక తమ్ముడిది చనిపోయిన వాళ్ళమ్మ పేరు. చదవగానే అందరం గమ్మున అయిపోయాం. మాకు తెలియాల్సిన మాట కాదది. ఆ రాత్రే టేబుల్ మొత్తం తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టాం.

మరి రాసి పెట్టుకోకుండా ఎలా గుర్తుపట్టేది? దీనికి దారి చూపించింది ఇంగ్లాండులో కేంబ్రిడ్జికి చెందిన రోజర్ నీధమ్, 1960ల్లోనే. పాస్‌వర్డ్‌ను కాకుండా, దాన్ని దంచగా వచ్చిన పిండిని దాచమన్నాడు. దీన్నే హాష్ అంటారు. రోట్లో దంచిన మిరపకాయ మళ్ళీ కాయ కాదు కదా. మనం పాస్‌వర్డ్ కొట్టిన ప్రతిసారీ సైటు దాన్ని మళ్ళీ దంచి, దాచిన పిండితో పోల్చి చూస్తుంది. రెండూ ఒకటైతే లోపలికి పంపుతుంది. అసలు మాట సైటు దగ్గర ఉండనే ఉండదు.

1979లో యూనిక్స్ తయారుచేసిన చోట పనిచేసే రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ ఒక వ్యాసం రాశారు. వాళ్ళు 3,289 పాస్‌వర్డ్‌లు సేకరించి చూస్తే 2,831 సులువుగా దొరికిపోయాయి. అంటే 86 శాతం. చిన్న మాటలు, నిఘంటువులో ఉండే మాటలే జనం పెట్టుకున్నారు. దొంగ అలాంటి మాటలన్నీ ముందే దంచి పెట్టుకుంటే చాలు. అందుకని వాళ్ళు రెండు పనులు చెప్పారు. దంచడం నిదానంగా జరగాలి. ఒక్కొక్కరి దాంట్లో వేరే వేరే ఉప్పు వెయ్యాలి. నిజంగానే దాని పేరు సాల్ట్. ఇద్దరి పాస్‌వర్డ్ ఒకటే అయినా ఉప్పు వేరు గనక పిండి వేరుగా వస్తుంది. 1999లో వచ్చిన బీక్రిప్ట్ ఈ దారిలోదే. మేము ఇప్పుడు వాడుతున్నదీ అదే. పీహెచ్‌పీలో పాస్‌వర్డ్ హాష్, పాస్‌వర్డ్ వెరిఫై అనే రెండు ఫంక్షన్లు ఉన్నాయి, ఉప్పు వెయ్యడం కూడా అవే చూసుకుంటాయి. సొంతంగా రోలు చెక్కుకోవద్దు తమ్ముళ్ళూ, అనుభవం ఉన్నవాళ్ళు చెక్కింది వాడండి.

ఇన్ని తెలిశాక కూడా పెద్ద పెద్దవాళ్ళు తప్పు చేశారు. 2009లో రాక్‌యూ అనే సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డ్‌లు బయటికొచ్చాయి. అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాసినవే. ఎక్కువమంది పెట్టుకున్నది ఏదో తెలుసా? 123456.

లోపలికి వచ్చాక ప్రతి పేజీకీ పాస్‌వర్డ్ అడగరు. మన అమ్మవారి గుడి దగ్గర చెప్పుల స్టాండు గుర్తు తెచ్చుకోండి. టోకెన్ ఇస్తారు, అది చూపిస్తే చెప్పులు ఇస్తారు, పేరు అడగరు. సైటు కూడా అలాంటి టోకెనే ఫోనుకు ఇస్తుంది. దాన్ని దాచేది కుకీ, 1994లో నెట్‌స్కేప్‌లో లూ మోంటుల్లి తెచ్చాడు. టోకెన్ ఎవరి చేతిలో ఉంటే చెప్పులు వాళ్ళవే. అందుకే హెచ్‌టీటీపీఎస్ లేకుండా లాగిన్ పెట్టకూడదు, నెట్ సెంటర్లో పని అయ్యాక లాగౌట్ కొట్టకుండా లేవకూడదు.

నెట్ సెంటర్ అంటే ఇంకోటి గుర్తొచ్చింది. మనలో చాలామంది స్కాలర్‌షిప్ పాస్‌వర్డ్ మన దగ్గర ఉండదు, సెంటర్ అన్న నోటుబుక్కులో ఉంటుంది. మాలో ఒకరికి అలాగే ఫోను నంబరు వేరేది పడి, ఓటీపీ రాక, ఒక ఏడాది డబ్బు ఆలస్యమైంది. ఆ అన్న చెడ్డవాడని కాదు. మన తాళం వేరేవాళ్ళ జేబులో ఉంది, అంతే.

2010 సెప్టెంబరులో దేశంలో మొట్టమొదటి ఆధార్ సంఖ్యలు ఇచ్చింది మహారాష్ట్రలోని టెంభ్లీ అనే గిరిజన గ్రామంలో. మళ్ళీ వేలిముద్రే, మళ్ళీ మనవాళ్ళతోనే మొదలు. రేషన్ దగ్గర అది పనికొస్తుంది, కాదనం. కూలి పనితో వేళ్ళు అరిగిపోయిన అవ్వలకు అది పడకపోవడమూ చూస్తున్నాం. వేలిముద్ర ఒకసారి వేరేవాళ్ళ చేతికి పోతే మార్చుకోలేం. పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. దాన్ని మనమే ఎంచుకుంటాం, మనమే దాచుకుంటాం.

ఇంతకాలం మన పేర్లు వేరేవాళ్ళు రాశారు. ఇప్పుడు మొదటిసారి ఒక రిజిస్టరు మన చేతికి వచ్చింది. అందులో తమ్ముళ్ళ, చెల్లెళ్ళ కులం సర్టిఫికెట్లు, ఫోను నంబర్లు ఉంటాయి. అందుకే మూడు నియమాలు పెట్టుకున్నాం. ఎవరి గురించి ఏం రాసి ఉందో వాళ్ళు చూసుకోవచ్చు. వద్దంటే తీసేస్తాం. ఎవరి పాస్‌వర్డ్ మాకు తెలియదు, అడగం. మా పేరు చెప్పి ఎవరైనా అడిగినా చెప్పొద్దు.

సైటు వచ్చే వారం తెరుస్తాం. పొడుగ్గా ఉండేది పెట్టుకోండి, నాలుగు మాటలు కలిపినా చాలు. మన భాషల మాటలైతే ఇంకా మంచిది, యానాదుల మాట గానీ ఎరుకల మాట గానీ సుగాలీల మాట గానీ. వేరే చోట వాడిందే ఇక్కడా వాడకండి. ఇంట్లో అవ్వాతాతలు హాజరు రోజుల గురించి ఏమైనా చెప్తే రాసి పంపండి. వాళ్ళు ఒప్పుకుంటేనే పెడతాం.