సికింద్రాబాద్‌లో కారిపోయిన గ్యాసు

1965లో అన్నామలై విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగ్ పట్టా పుచ్చుకున్న వీరభద్రన్ రామనాథన్‌కు తొలి ఉద్యోగం సికింద్రాబాద్‌లోని ఒక ఫ్రిజ్‌ల కంపెనీలో దొరికింది. ఫ్రిజ్‌లలో నింపిన గ్యాసు అంత త్వరగా ఎందుకు కారిపోతోందో తేల్చడం ఆయన పని. కొన్నాళ్లకు ఆ కొలువు వదిలి బెంగళూరులోని ఐఐఎస్‌సీలో చేరారు. అక్కడి నుంచి అమెరికా వెళ్లారు. పట్టా పుచ్చుకున్న పదేళ్లకు అదే గ్యాసు గురించి ఆయన రాసిన పరిశోధన పత్రం వాతావరణ శాస్త్రాన్నే మలుపు తిప్పింది.

లీకు పట్టడం ఈనాటి మెకానిక్‌కు నిత్యకృత్యం. రాగి గొట్టాల అతుకుల మీద సబ్బు నురగ పూస్తాడు. బుడగ లేచిన చోట మంట పెట్టి అతుకు వేస్తాడు. తర్వాత సిలిండర్ తగిలించి, మీటర్ చూసుకుంటూ కొత్త గ్యాసు ఎక్కిస్తాడు. పోయిన గ్యాసు ఎటు పోయిందని ఎవరూ అడగరు. 1970ల వరకు శాస్త్రవేత్తలు కూడా అడగలేదు.

అడగకపోవడానికి కారణం ఉంది. తొలినాళ్ల ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ వాడేవారు. అవి లీకైతే ఇంట్లోవాళ్ల ప్రాణాలు పోయేవి. 1928లో జనరల్ మోటార్స్ కోసం పనిచేస్తున్న థామస్ మిడ్జ్‌లీ వాటికి బదులు ఒక క్లోరోఫ్లోరోకార్బన్‌ను, అంటే సీఎఫ్‌సీని తయారుచేశాడు. 1930లో రసాయన శాస్త్రవేత్తల సభలో ఆ వాయువును గుండెల నిండా పీల్చి, కొవ్వొత్తి మీదికి ఊది ఆర్పేశాడు. విషం కాదు, మండదు అని ఆ ఒక్క ఊపిరితో రుజువైపోయింది. ఫ్రియాన్ పేరుతో అది ఫ్రిజ్‌లకూ ఏసీలకూ పాకింది. స్ప్రే డబ్బాల్లోకి, పరుపుల నురగలోకి దాని బంధువులు కూడా వచ్చి చేరాయి.

ఆ వాయువులు ఏమవుతున్నాయన్న ప్రశ్నకు తొలి ఆధారం ఓడ మీద దొరికింది. 1971లో జేమ్స్ లవ్‌లాక్ తానే కనిపెట్టిన పరికరంతో షాకిల్టన్ నౌకలో బ్రిటన్ నుంచి అంటార్కిటికా వైపు వెళ్తూ గాలిని పరీక్షించాడు. నడి సముద్రంలో సైతం సీఎఫ్‌సీ జాడ కనిపించింది. ఈ కొలతల గురించి విన్న షెర్వుడ్ రోలండ్ అనే కాలిఫోర్నియా ఆచార్యుడు, మెక్సికో నుంచి వచ్చిన యువ పరిశోధకుడు మారియో మొలీనాతో కలిసి లెక్క తేల్చాడు. వానకు కరగదు, దేనితోనూ కలవదు కాబట్టి ఆ వాయువు పైపైకి వెళ్తుంది. అక్కడ అతినీలలోహిత కిరణాలు దాన్ని ముక్కలు చేసి క్లోరిన్‌ను విడదీస్తాయి. క్లోరిన్ భూమికి కవచంలా ఉన్న ఓజోన్‌ను విరగ్గొట్టి, తాను చెక్కుచెదరకుండా మరో ఓజోన్ అణువు మీద పడుతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు అలా లక్ష ఓజోన్ అణువులను మాయం చేయగలదు. 1974 జూన్‌లో నేచర్ పత్రికలో ఈ పత్రం వెలువడింది.

రామనాథన్ అప్పుడు వర్జీనియాలో నాసా లాంగ్లీ కేంద్రంలో ఉన్నారు. ఆ పత్రం చదివాక ఆయనకు తట్టిన ప్రశ్న ఓజోన్ గురించి కాదు, వేడి గురించి. భూమి పైకి పంపే వేడిలో 8 నుంచి 12 మైక్రాన్ల తరంగాలను నీటి ఆవిరీ కార్బన్ డయాక్సైడూ పెద్దగా ఆపవు. ఆ కిటికీ గుండానే చాలా వేడి అంతరిక్షంలోకి పోతుంది. సీఎఫ్‌సీలు సరిగ్గా ఆ కిటికీనే మూస్తాయని ఆయన లెక్క చెప్పింది. ఒక టన్ను సీఎఫ్‌సీ చేసే చెరుపు పదివేల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. 1975లో ఇది సైన్స్ పత్రికలో వచ్చేదాకా భూతాపమంటే కార్బన్ డయాక్సైడ్ కథే అనుకునేవారు. ఓజోన్ చరిత్ర రాసేవారు రోలండ్, మొలీనాల దగ్గరే ఆగిపోయి ఈ పత్రాన్ని ఒక్క వాక్యంతో దాటేస్తుంటారు. అది అన్యాయం.

ఓజోన్‌కు ముప్పన్నది రుజువు కాలేదని సీఎఫ్‌సీ పరిశ్రమలు పదేళ్లు వాదిస్తూ కూర్చున్నాయి. వాటి నోరు మూయించింది ఒక పాత పరికరం. ఆ ఓజోన్ కవచాన్నంతా నేల మీదికి దింపి పరిస్తే మందం 3 మిల్లీమీటర్లే. ఆ మందాన్ని కొలిచే డాబ్సన్ యంత్రంతో అంటార్కిటికాలోని హాలీ కేంద్రంలో బ్రిటిష్ వారు 1950ల నుంచి ఏటా లెక్కలు రాస్తున్నారు. అక్టోబరులో దాదాపు 300 డాబ్సన్ యూనిట్లు ఉండాల్సింది 1984కల్లా సుమారు 200కు పడిపోయిందని జో ఫార్మన్ బృందం 1985 మేలో ప్రకటించింది. 1987 సెప్టెంబరు 16న సీఎఫ్‌సీలను తగ్గించాలని మాంట్రియల్‌లో దేశాలు ఒప్పందం చేసుకున్నాయి.

భారత్ అప్పుడు సంతకం పెట్టలేదు. గ్యాసు వదిలింది సంపన్న దేశాలు, మానేయడానికయ్యే ఖర్చు కూడా వాళ్లే పెట్టుకోవాలని పట్టుబట్టింది. ఆ పట్టు ధర్మమైనదే. 1990లో లండన్‌లో పేద దేశాల కోసం నిధి ఏర్పాటయ్యాక, 1992లో మనం ఒప్పందంలో చేరాం. 2010 నాటికి ఆస్తమా ఇన్‌హేలర్లకు తప్ప సీఎఫ్‌సీ వాడకాన్ని నిలిపేశాం. అంటార్కిటికా మీది ఓజోన్ పొర 2066 ప్రాంతానికి 1980 నాటి స్థాయికి చేరుతుందని నిపుణుల అంచనా. ఆలస్యానికి కారణం ఆ వాయువుల మొండి ఆయుష్షు. ఫ్రిజ్‌లలో వాడిన సీఎఫ్‌సీ-12 గాలిలో సగటున నూరేళ్లు నిలుస్తుంది. 1965లో ఏ ఫ్రిజ్‌లోంచి కారినదైనా సగానికి పైగా ఇంకా మన నెత్తిమీదే ఉంది.

రామనాథన్ లెక్క అసలు విలువ తర్వాత బయటపడింది. ఓజోన్ కోసం చేసుకున్న మాంట్రియల్ ఒప్పందం, భూతాపం కోసమే పుట్టిన క్యోటో ఒప్పందపు తొలి లక్ష్యం కంటే అనేక రెట్లు ఎక్కువగా వేడిని తగ్గించింది. అయితే సీఎఫ్‌సీల స్థానంలో వచ్చిన హైడ్రోఫ్లోరోకార్బన్‌లు, అంటే హెచ్‌ఎఫ్‌సీలు, ఓజోన్ జోలికి పోవు గానీ, వేడిని మాత్రం బాగా పట్టి ఉంచుతాయి. వాటిని తగ్గించాలని 2016 అక్టోబరులో కిగాలీలో దేశాలు ఒప్పుకున్నాయి. మన దేశం 2032 నుంచి మొదలుపెట్టి 2047కల్లా 85 శాతం తగ్గించాలి.

కొత్త గ్యాసు కనిపెట్టడం ఇందులో సగం పనే. ఏసీ విప్పినప్పుడు లోపలున్న పాత గ్యాసును గాలిలోకి వదిలేయకుండా సిలిండర్‌లోకి లాగే రికవరీ యంత్రం మెకానిక్ దగ్గర ఉండాలి, దాన్ని వాడే ఓపికా, అందుకు కూలీ కూడా ఉండాలి. 2019 మార్చిలో కేంద్రం ప్రకటించిన కూలింగ్ యాక్షన్ ప్లాన్ లక్షమంది మెకానిక్‌లకు శిక్షణ, ధ్రువపత్రం ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది.