పోలరైజ్డ్ గ్లాసెస్ కొంటున్నారా? షాపులో చూపించే ఆ కార్డు టెస్ట్ ఒక్కటే చాలదు!

ఎండలు ముదిరితే చాలు.. రోడ్డు పక్కన స్టాండుకు వేలాడే కూలింగ్ గ్లాసెస్ నుంచి మాల్‌లో మెరిసే బ్రాండెడ్ జోళ్ల వరకు ఒకే మాట వినిపిస్తోంది. అదే ‘పోలరైజ్డ్’. మామూలు వాటికంటే ధర కూడా ఎక్కువే. షాపుకెళ్తే ఓ చిన్న కార్డు చేతికిస్తారు. మామూలు కళ్లతో చూస్తే అందులో ఏమీ కనిపించదు. అద్దాలు పెట్టుకోగానే ఏ చేప బొమ్మో, కారు బొమ్మో తేలుతుంది. ‘చూశారా సార్, ఒరిజినల్’ అంటారు. ఆ టెస్ట్ అబద్ధమేం కాదు. కాకపోతే మీ కళ్లకు రక్షణ ఉందా లేదా అన్నది మాత్రం ఆ కార్డు చెప్పదు.

ఎందుకంటే పోలరైజ్డ్ వేరు, యూవీ రక్షణ వేరు. పోలరైజ్డ్ లెన్స్ చేసే పని మిరుమిట్లు తగ్గించడం. కంటికి చేటు చేసే అతినీలలోహిత కిరణాలను ఆపేది యూవీ ఫిల్టర్. మంచి పోలరైజ్డ్ అద్దాల్లో ఈ రెండూ ఉంటాయి. చవక రకాల్లో రెండోది ఉంటుందన్న గ్యారంటీ లేదు. కొనేటప్పుడు ముందు చూడాల్సింది ‘యూవీ 400’ అనే గుర్తు. అంటే 400 నానోమీటర్ల వరకు ఉన్న కిరణాలను లెన్స్ అడ్డుకుంటుందని అర్థం. ఏళ్ల తరబడి ఎండ కళ్లల్లో పడితే శుక్లాలు, తెల్లగుడ్డు మీద కండ పెరగడం లాంటి సమస్యలకు దారితీస్తుంది. పొలాల్లో, సముద్రం మీద పనిచేసేవాళ్లకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

చాలామంది పొరబడేది రంగు దగ్గరే. లెన్స్ ఎంత నల్లగా ఉంటే అంత మంచిదనుకుంటారు. నిజానికి యూవీ ఫిల్టర్ లేని నల్లద్దం కంటికి రివర్స్‌లో హాని చేస్తుంది. చీకటిగా అనిపించి కనుపాప విచ్చుకుంటుంది, ఆ సందులోంచి యూవీ ఇంకా ఎక్కువగా లోపలికి పోతుంది. అదే పాలీకార్బనేట్ లెన్స్ అయితే రంగు లేకపోయినా యూవీని దాదాపు ఆపేస్తుంది. స్టిక్కర్ ఎవరైనా అంటించొచ్చు కాబట్టి బిల్లు ఇచ్చే చోటే కొనడం మేలు. కొన్ని ఆప్టికల్ షాపుల్లో యూవీ మీటర్ ఉంటుంది, అడిగితే అక్కడికక్కడే చెక్ చేసి చూపిస్తారు.

మరి పోలరైజ్డ్‌కు అదనంగా డబ్బు పెట్టడం దండగేనా? అదీ కాదు. రోడ్డు, నీళ్లు, అద్దం లాంటి వాటి మీద పడి తిరిగొచ్చే వెలుతురు ఎక్కువగా అడ్డంగా కంపిస్తుంది. పోలరైజ్డ్ లెన్స్‌లో నిలువు కమ్మీల కిటికీ లాంటి ఫిల్టర్ ఉంటుంది. నిలువు కమ్మీల్లోంచి అడ్డంగా పట్టుకున్న కర్ర దూరనట్టే ఆ మెరుపు కూడా లోపలికి రాదు. మామూలు నల్లద్దం అన్ని వెలుగులనూ సమానంగా తగ్గిస్తుంది. ఇది మాత్రం మెరుపును ఏరి తీసేస్తుంది. అమెరికాకు చెందిన ఎడ్విన్ లాండ్ 1920ల చివర్లో కనిపెట్టిన పోలరైజర్ షీటే దీనికి మూలం.

కారు డ్రైవర్లకు ఈ తేడా బాగా తెలుస్తుంది. మధ్యాహ్నం వేళ హైదరాబాద్ - విజయవాడ హైవే మీద ముందు కార్ల అద్దాల మెరుపు, వాన పడి ఆగిన తడి రోడ్డు తళుకు, విండ్‌షీల్డ్‌లో కనిపించే డ్యాష్‌బోర్డు నీడ.. ఇవన్నీ బాగా తగ్గుతాయి. కానీ ఒక మెలిక ఉంది. ఉదయాన్నే విజయవాడ వైపు వెళ్తుంటే సూర్యుడు సూటిగా మొహం మీదే ఉంటాడు. నేరుగా వచ్చే ఆ వెలుగు పోలరైజ్ అయి ఉండదు. అప్పుడు మామూలు అద్దమైనా, పోలరైజ్డ్ అయినా పెద్ద తేడా ఉండదు. సన్ వైజర్ దించుకోవాల్సిందే. ఇక పవర్ అద్దాల వాళ్లు ఎండకు నల్లబడే ఫొటోక్రోమిక్ లెన్స్ ఉంది కదా అని ధీమాగా ఉంటారు. కారు విండ్‌షీల్డే యూవీని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి లోపల కూర్చుంటే అవి పూర్తిగా నల్లబడవు.

చెరువు గట్టున గాలం వేసేవాళ్లకు, బీచ్‌కు వెళ్లేవాళ్లకు పోలరైజ్డ్ బెస్ట్. నీటి మీది మెరుపు పోయి అడుగున ఉన్నది కనిపిస్తుంది.

ఫోన్ చూసేవాళ్లకు అసలు చిక్కు

రోజంతా ఫోన్ చేతిలో ఉండేవాళ్లు మాత్రం కాస్త ఆలోచించాలి. చాలా డిజిటల్ స్క్రీన్ల వెలుగు కూడా పోలరైజ్ అయ్యే వస్తుంది. దాంతో ఒక కోణంలో స్క్రీన్ బాగానే కనిపించి, ఫోన్ అడ్డంగా తిప్పి వీడియో పెట్టగానే నల్లబడిపోవచ్చు. కొత్త ఫోన్లలో ఈ ఇబ్బంది తగ్గింది గానీ ఏటీఎం స్క్రీన్, పెట్రోల్ బంక్ మీటర్, బైక్ డిజిటల్ స్పీడోమీటర్ దగ్గర ఇప్పటికీ తగులుతూనే ఉంటుంది. హ్యాండిల్‌కు ఫోన్ బిగించి మ్యాప్ చూస్తూ తిరిగే డెలివరీ బాయ్స్‌కు, క్యాబ్ డ్రైవర్లకు ఇది చిన్న విషయం కాదు. విమానాల్లోనూ ఇదే సమస్య. అందుకే అమెరికా విమానయాన విభాగం ఎఫ్ఏఏ పైలట్లకు పోలరైజ్డ్ అద్దాలు వద్దనే చెబుతుంది.

టూ వీలర్ నడిపేవాళ్లకు ఇంకో మాట. రోడ్డు మీద చిందిన ఆయిల్, తడి మరక మెరుస్తూనే ముందుగా కనిపిస్తాయి. ఆ మెరుపూ ఒక హెచ్చరికే, దాన్ని పోలరైజ్డ్ అద్దం చెరిపేస్తుంది. హెల్మెట్ వైజర్ లోంచి చూస్తే ఇంద్రధనుస్సు చారలు కూడా కనిపించొచ్చు. సిటీలో బైక్ మీద తిరిగేవాళ్లకు యూవీ 400 ఉన్న మామూలు అద్దాలే మేలు, ఖర్చూ తక్కువ.

ఎంత నలుపు కావాలన్నదానికీ లెక్క ఉంది. కాడ లోపలి వైపు 0 నుంచి 4 వరకు కేటగిరీ నంబర్ ఉంటుంది. మన ఎండలకు 3 సరిపోతుంది. అది 8 నుంచి 18 శాతం వెలుగునే లోపలికి వదులుతుంది. 4 వేసుకుని బండి నడపకూడదు. రాత్రి డ్రైవింగ్‌కైతే ఏ నల్లద్దమూ వద్దు.

ఇంట్లో ఉన్న జోడు పోలరైజ్డో కాదో తెలుసుకోవడం తేలిక. ల్యాప్‌టాప్ స్క్రీన్ ఆన్ చేసి, దాని ముందు అద్దాన్ని పట్టుకుని మెల్లగా తిప్పండి. ఒకచోట స్క్రీన్ నల్లబడితే పోలరైజ్డ్, ఎంత తిప్పినా మార్పు లేకపోతే మామూలుదే. పోలరైజ్డ్ అని తేలితే దాన్ని ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు మీద వదిలేయొద్దు. ఆ వేడికి లోపలి ఫిల్మ్ పొర ఊడి బుడగలు వస్తాయి, లెన్స్ మార్చడం తప్ప దానికి రిపేర్ ఉండదు.